బండి తయారయ్యే చోట కొన్నవాడి కన్ను



ఈసారి పోస్టు కొంచెం పొడవు. మందుల గురించి కాదు, మార్కెట్ ధరల గురించి కాదు, బండి గురించి. ఓపిగ్గా చదవండి. చివర్లో మనకి పనికొచ్చే మాట ఒకటి ఉంది.

మన ఇళ్ల ముందు ఇప్పుడు ట్రాక్టరో, ఆటోనో, మోటార్ సైకిలో, కొందరికి కారో ఉంది. లక్షలు పోసి కొన్నాం. అప్పు చేసి కొన్నవాళ్లే ఎక్కువ. ఒక్క మాట అడుగుతా. మీ బండి తయారవుతుంటే మీలో ఎవరైనా చూశారా? ఇంజను ఎవరు ఎక్కించారు, ఏ బోల్టు ఎవరు బిగించారు, చూసినవాళ్లు ఉన్నారా? ఉండరు. షోరూములో పూలదండ వేసి, టెంకాయ కొట్టి, తాళం చేతికి ఇచ్చే రోజే మనం దాన్ని మొదటిసారి చూస్తాం.

మన నాయనలు, తాతలు అట్లా కొనలేదు. వాళ్ల బండి వాళ్ల కళ్ల ముందే తయారైంది. ఆ కాలానికీ ఈ కాలానికీ మధ్య ఏం జరిగింది? చూడటం పోయినందుకు మనకి ఏం పోయింది? అదే చూడటాన్ని విదేశాల్లో పెద్ద పెద్ద డబ్బున్నవాళ్లు మళ్లీ డబ్బు పోసి ఎందుకు కొనుక్కున్నారు? ఈ పోస్టులో అదే రాస్తున్నా.

ముందు మన ఎద్దులబండి సంగతి. యాభై దాటిన వాళ్లకి చెప్పక్కర్లేదు, పిల్లల కోసం రాస్తున్నా. బండి కావాలంటే మొదట మాను చూసుకోవాలి. తుమ్మ మొద్దు కొట్టించి, బాగా ఆరబెట్టి, వడ్రంగి ఇంటి ముందుకు తోలేది రైతే. మా నాయన బండి కట్టించినప్పుడు నేను బడికి పోయే పిల్లోణ్ణి. పొద్దున ఎద్దులకు మేత వేసి ఆయన వడ్రంగి దగ్గరికి పోయి కూర్చునేవాడు. ఊరికే కూర్చోడు. చక్రం ఆకులు ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చూసేవాడు. పగులు కనిపించినా, బొడిపె ఉన్నా పక్కన పెట్టేవాడు. "మామా, ఇది వద్దు, ఇంకోటి చెక్కు" అనేవాడు. వడ్రంగి విసుక్కునేవాడు, తిట్టేవాడు కూడా. కానీ ఇంకోటి చెక్కేవాడు. ఎందుకంటే ఆ బండి రేపు ఆ ఊళ్లోనే తిరగాలి, ఇరుసు విరిగితే మళ్లీ ఆయన దగ్గరికే రావాలి, కళ్లంలో ఆయనకి గింజలు కొలిచేది కూడా మా నాయనే.

ఆఖరికి చక్రానికి ఇనుప పట్టా వేసే రోజు ఊరంతా తమాషాగా చూసేది. పట్టాని పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురు పట్టకారులతో ఎత్తి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు పోసేవాళ్లు. పొగ, ఆవిరి, చుయ్యిమని చప్పుడు. ఇనుము చల్లారి ముడుచుకుంటే చెక్కలన్నీ కిర్రుమని బిగుసుకునేవి. ఆ చప్పుడు విని బిగువు సరిపోయిందో లేదో చెప్పగలిగిన రైతులు ఉండేవాళ్లు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మా నాయన చూడటమే కాదు, వద్దు అనగలిగాడు. కన్నుతో పాటు ఆయనకి మాట కూడా ఉంది. ఈ మాట గుర్తు పెట్టుకుని మిగతా కథ చదవండి.

ఇప్పుడు అమెరికా పోదాం. అక్కడ కూడా మొదట్లో కారు ఇట్లాగే తయారయ్యేది. ఒకచోట చట్రం పెట్టి, దాని చుట్టూ నలుగురైదుగురు పనివాళ్లు తిరుగుతూ ఒక్కో సామాను బిగించేవాళ్లు. ధర బాగా ఎక్కువ, అది షావుకార్ల బండి. డెట్రాయిట్ దగ్గర పల్లెలో పుట్టిన రైతు కొడుకు హెన్రీ ఫోర్డ్ 1908లో మోడల్ టీ అనే కారు తెచ్చాడు. సుమారు 850 డాలర్లు. పల్లె రోడ్ల మీద, బురదలో, గుంతల్లో పోయేలా ఎత్తుగా చేసిన బండి అది. అక్కడి రైతులు దాన్ని బాగా ఇష్టపడ్డారు. వెనక చక్రం పైకి లేపి బెల్టు తగిలించి రంపాలు, మరలు కూడా ఆడించుకున్నారు. మనవాళ్లు ట్రాక్టరుకి బెల్టు వేసి మోటారు తిప్పినట్టే అనుకోండి.

గిరాకీ పెరిగింది, చేతులతో కట్టి అందించలేకపోయారు. అప్పుడు ఫోర్డ్ మనుషులకి దారి చూపించింది ఏదో తెలుసా? చికాగోలోని కబేళా. అక్కడ పశువుని కొక్కేనికి వేలాడదీసి పైన పట్టాల మీద లాగుతూ పోయేవాళ్లు. ఒక్కో మనిషి దగ్గర ఒక్కో కోత. మనిషి కదలడు, పశువే వాడి ముందుకి వస్తుంది. ఆ చివరకి పోయేసరికి పశువు ముక్కలు ముక్కలైపోతుంది. దాన్ని తిరగేస్తే? చట్రం కదులుతూ పోతుంది, ఒక్కో మనిషి ఒక్కో సామాను తగిలిస్తాడు, చివరకి బండి తయారవుతుంది. ఈ ఆలోచన ఆ కబేళాల నుంచే వచ్చిందని ఫోర్డ్ 1922లో వచ్చిన తన పుస్తకంలో తనే చెప్పుకున్నాడు. పశువుల్ని నమ్ముకుని బతికిన మనకి ఈ సంగతి వింటే ఒళ్లు ఒకలా అవుతుంది, కానీ నిజం.

1913లో హైలాండ్ పార్క్ కార్ఖానాలో మొదట మాగ్నెటో అనే చిన్న భాగంతో మొదలుపెట్టారు. ఒక్క మనిషి మొత్తం చేస్తే సుమారు 20 నిమిషాలు. అదే పనిని 29 ముక్కలు చేసి వరసలో పెడితే 13 నిమిషాల 10 సెకన్లకి దిగింది. తర్వాత పనివాడు వంగకుండా ఆ వరస ఎత్తుని ఎనిమిది అంగుళాలు పెంచితే ఏడు నిమిషాలైంది. నడుం వంచి నాట్లు వేసేవాళ్లకి, కలుపు తీసేవాళ్లకి ఆ ఎనిమిది అంగుళాల విలువ తెలుసు. ఇక చట్రం మొత్తం బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది, మరుసటి ఏడాదికి గంటా ముప్పై మూడు నిమిషాలకి వచ్చింది. కారు ధర 1920ల నడిమికి 300 డాలర్ల లోపుకి పడిపోయింది. 1927లో ఆ మోడల్ ఆపేసేనాటికి కోటిన్నర బండ్లు తయారయ్యాయి.

ఇది మంచే. చౌకయ్యాక కదా రైతు కొన్నాడు. అదే ఫోర్డ్ 1917లో ఫోర్డ్‌సన్ అనే ట్రాక్టరు కూడా ఇదే పద్ధతిలో తెచ్చి, ట్రాక్టరుని చిన్న రైతు అందుకునేలా చేశాడు. ఆ పద్ధతి లేకపోతే మన పొలాల్లోకి ట్రాక్టరు ఇంకా ఎన్నేళ్లకి వచ్చేదో. అందుకే ఆ కాలమే బాగుంది, ఈ కాలం చెడ్డది అని నేను అనను. ఎద్దులబండి కట్టడానికి నెలలు పట్టేది, ఊరిలో పది మందికి మించి ఉండేది కాదు.

కానీ ఒకటి పోయింది. ఆ వరసలో వచ్చే బండి ఎవరిదీ కాదు. ఎవరు కొంటారో అక్కడ పనిచేసేవాడికి తెలియదు, ఎవరు కట్టారో కొన్నవాడికి తెలియదు. 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ నల్ల రంగులో తప్ప దొరకలేదు. రంగు అడిగే మాట కూడా కొన్నవాడికి లేకుండా పోయింది. పనివాడికి మాత్రం ఏం మిగిలింది? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే నట్టు. ఆ పని భరించలేక జనం మానేసి పోయేవాళ్లు. 1913లో వంద మంది పని నిలవాలంటే ఏడాదిలో మూడు వందల మందికి పైగా కొత్తవాళ్లని పెట్టుకోవాల్సి వచ్చింది. అందుకే 1914 జనవరిలో ఫోర్డ్ రోజుకి ఐదు డాలర్లు ప్రకటించాడు. అప్పటి కూలికి అది రెట్టింపు. అయితే ఆ ఐదు డాలర్లు అందాలంటే, కంపెనీ మనుషులు నీ ఇంటికొచ్చి చూస్తారు. తాగుతావా, ఇల్లు శుభ్రంగా ఉందా, డబ్బు దాచుకుంటున్నావా, అన్నీ రాసుకుని పోతారు. పనివాడికి కంపెనీని చూసే హక్కు లేదు, కంపెనీకి మాత్రం పనివాడి వంటిల్లు చూసే హక్కు ఉంది.

జనానికి చూడాలనే ఆశ మాత్రం పోలేదు. ఫోర్డ్‌కి అది తెలుసు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద ఎగ్జిబిషన్ జరిగితే అక్కడే చిన్న కార్ఖానా పెట్టి, మధ్యాహ్నం పూట మూడు గంటలపాటు జనం ముందే కార్లు బిగించి చూపించారు. సుమారు పది నిమిషాలకో కారు. జనం తిరనాళ్లకి వచ్చినట్టు వచ్చారు. తర్వాత రూజ్ నది ఒడ్డున కంపెనీ ఇంకా పెద్ద కార్ఖానా కట్టింది. ఒకవైపు ఓడల్లో ఇనుప ఖనిజం దిగుతుంటే, ఇంకోవైపు తయారైన బండి బయటికి పోయేది. ఉక్కూ అక్కడే, అద్దాలూ అక్కడే. 1924 నుంచి దాన్ని చూడటానికి జనాన్ని లోపలికి రానిచ్చారు. బడి పిల్లలు, సంసారులు, విదేశాల వాళ్లు, లక్షల మంది చూశారు.

మరి వాళ్లు ఏం చూశారు? ఇక్కడే మనం కొంచెం ఆలోచించాలి. కంపెనీ గీసిన దారిలో నడిచారు. గైడు చూపించింది చూశారు. అదే రూజ్ కార్ఖానా గేటు దగ్గరికి 1932 మార్చి 7న పని పోయి ఆకలితో ఉన్న కూలీలు ఊరేగింపుగా వస్తే పోలీసులు, కంపెనీ కాపలా మనుషులు కాల్పులు జరిపారు. నలుగురు అక్కడే చనిపోయారు, ఇంకొకాయన తర్వాత చనిపోయాడు. 1937 మే 26న యూనియన్ వాళ్లు కార్ఖానా ముందు వంతెన మీద కరపత్రాలు పంచబోతే కంపెనీ మనుషులు వాళ్లని నెత్తురు కారేలా కొట్టారు. పత్రికల ఫొటోగ్రాఫర్ల దగ్గర ఫొటో ప్లేట్లు లాక్కున్నారు. ఒక ఫొటోగ్రాఫరు తెలివిగా అసలు ప్లేట్లు కారులో దాచి, ఖాళీవి చేతికిచ్చాడు. అందుకే లోకానికి తెలిసింది. యూనియన్‌ని కంపెనీ ఒప్పుకోవడానికి 1941 దాకా పట్టింది. వంతెన మీద జరిగింది మాత్రం ఆ రోజుల్లో గైడు చూపించే దారిలో లేదు.

ఇట్లాంటి కథే కబేళాలకీ ఉంది. చికాగో కబేళాలు కూడా చుట్టాల్ని తిప్పి చూపించేవి. చూపించిన దారిలో పోయినవాళ్లకి అంతా బ్రహ్మాండంగా కనిపించింది. 1904లో అప్టన్ సింక్లెయిర్ అనే రచయిత పనివాళ్లతో కలిసిపోయి ఏడు వారాలు అక్కడ తిరిగాడు. కుళ్లిన మాంసం, పనివాళ్ల గతి, అన్నీ చూశాడు. ఆయన నవల 1906లో పుస్తకంగా వచ్చింది, అదే ఏడాది జూన్‌లో అమెరికా మాంసం తనిఖీకి, కల్తీ తిండికి చట్టాలు చేసింది. లక్షల మంది చుట్టాలు చూసినా రాని చట్టం, పనివాళ్ల దారిలో పోయిన ఒక్క మనిషి చూస్తే కదిలింది. చూపించింది చూడటం వేరు, చూడాల్సింది చూడటం వేరు అని అందుకే అంటున్నా.

రూజ్ కార్ఖానాని చూసినవాళ్లలో బాగా చూసిన మనిషి ఒకాయన ఉన్నాడు. జపాన్ నుంచి ఐజీ టొయోడా. 1950లో వచ్చి వారాల తరబడి చూశాడు. అంత పెద్ద కార్ఖానా చూసి బెదిరిపోలేదు. ఎక్కడ సామాను వృథాగా పడి ఉంది, ఎక్కడ తప్పు జరిగినా ఆగకుండా ముందుకి పోతోంది, అది చూశాడు. ఆ కుటుంబం మొదట మగ్గాల వాళ్లు. పెద్దాయన సకిచి టొయోడా చేసిన మగ్గంలో పోగు తెగితే మగ్గం దానంతట అదే ఆగిపోయేది. మన ధర్మవరం నేతన్నని అడగండి, పోగు తెగింది చూడకుండా పది అంగుళాలు నేస్తే చీర గతి ఏమవుతుందో చెబుతాడు. ఆ మగ్గం హక్కుని 1929లో ఒక ఇంగ్లండ్ కంపెనీకి ఇచ్చారు. ఆ తర్వాతే వాళ్ల ఇంట్లో కార్ల పని మొదలైంది.

ఆ పోగు బుద్ధినే టొయోటా వాళ్లు కార్ల వరసలోకి తెచ్చారు. వరస పక్కన తాడు కట్టారు. తప్పు కంటపడితే మామూలు పనివాడు ఆ తాడు లాగొచ్చు. మేస్త్రీ పరుగెత్తుకొస్తాడు. అప్పటికప్పుడు సరికాకపోతే వరస ఆగుతుంది. ఫోర్డ్ వరసలో పనివాడికి కన్ను ఉంది, మాట లేదు. ఇక్కడ ఆ తాడే వాడి మాట అయింది. మా నాయన "ఇది వద్దు మామా" అన్నదీ, ఈ తాడూ నాకు ఒకటే అనిపిస్తుంది.

ఇక జర్మనీ. మన చిట్టీల గోల గుర్తొచ్చే కథ ఇది. 1938లో హిట్లర్ ప్రభుత్వం ప్రజల కారు అని పెట్టి, ఇప్పుడు వోల్ఫ్స్‌బర్గ్ అంటున్న చోట కార్ఖానాకి పునాది వేసింది. కారు ధర 990 మార్కులు. వారానికి ఐదు మార్కులు కట్టి స్టాంపు తీసుకుని పుస్తకంలో అంటించుకోవాలి. పుస్తకం నిండితే కారు. మూడు లక్షల ముప్పై వేల మందికి పైగా కట్టారు. కూలీలు, గుమస్తాలు, కడుపు కట్టుకుని కట్టారు. 1939లో యుద్ధం వచ్చింది. కార్ఖానాలో మిలిటరీ బండ్లు చేశారు, వేరే దేశాల నుంచి తెచ్చిన జనంతో బలవంతంగా చాకిరీ చేయించారు. స్టాంపులు అంటించిన వాళ్లలో ఒక్కరికి కూడా కారు రాలేదు. యుద్ధం అయ్యాక బ్రిటిష్ మిలిటరీ అధికారి ఐవన్ హర్స్ట్ ఆ కార్ఖానాని మళ్లీ నడిపించాడు. డబ్బు కట్టినవాళ్లు కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగితే 1961లో రాజీ కుదిరింది. కొత్త కారు కొంటే 600 మార్కుల దాకా తగ్గింపు, లేదంటే చేతికి 100 మార్కులు. అంతే.

కట్టిన డబ్బుకి తయారయ్యే బండి కళ్లకి కనిపించకపోతే ఏమవుతుందో దీనికంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

అదే వోల్ఫ్స్‌బర్గ్‌లో అదే వోక్స్‌వ్యాగన్ కంపెనీ 2000 జూన్‌లో ఆటోస్టాట్ అనే పెద్ద ప్రాంగణం తెరిచింది. 48 మీటర్ల ఎత్తున రెండు అద్దాల బురుజులు, ఒక్కో దాంట్లో 400 కొత్త కార్లు. కొన్నవాళ్లు ఇంటిల్లిపాదీ వచ్చి, కార్ఖానా తిరిగి చూసి, తమ కారు తీసుకుని పోతారు. ఆ తర్వాత 2001 డిసెంబర్‌లో డ్రెస్డెన్ ఊరి నడిబొడ్డున ఇంకో వింత తెరిచారు. గోడలన్నీ అద్దాలే ఉన్న కార్ఖానా. లోపల నేలకి మేపుల్ చెక్క పలకలు. పనివాళ్లు తెల్ల బట్టల్లో ఉండేవాళ్లు. సామాను ఊరి ట్రాము పట్టాల మీద నీలి రంగు ట్రాములో వచ్చేది. అక్కడ తయారైన ఖరీదైన కారు పేరు ఫేటన్. చూడండి చిత్రం, ఫేటన్ అంటే పాతకాలపు గుర్రబ్బండి పేరు.

ఆ కారు కొన్నవాళ్లు వచ్చి తమ కారు తయారవుతుంటే పక్కన నిలబడి చూడగలిగేవాళ్లు. కింద చక్రాలు, ఇంజను ఉన్న భాగాన్ని పైనున్న ఒంటితో కలిపే ఘట్టాన్ని జర్మనీ వాళ్లు పెళ్లి అనే అంటారు. షావుకార్లు ఆ పెళ్లి చూడటానికి వచ్చేవాళ్లు. మన వడ్రంగి ఇంటి ముందు, చక్రానికి పట్టా తొడిగే రోజు ఊరంతా చూసిందే, వాళ్లు అద్దాల మేడలో కూర్చుని చూశారు.

కానీ ఆ అద్దం వెనక కూడా అన్నీ కనిపించేవి కావు. కారు ఒళ్లు అక్కడ చేసేవాళ్లు కాదు. రేకు సాగగొట్టే చప్పుడు, అతుకుల నిప్పురవ్వలు, రంగు వాసన, అవన్నీ జ్వికావ్ అనే వేరే ఊళ్లో. రంగు వేసి ఎండిన ఒళ్లు డ్రెస్డెన్‌కి వచ్చేది. చివరి శుభ్రమైన పని మాత్రమే అద్దంలో కనిపించేది. రూజ్‌లో గైడు దారి ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే, కాకపోతే నున్నగా ఉండేది. ఫేటన్ అనుకున్నంత అమ్ముడుపోలేదు, 2016లో ఆపేశారు. తర్వాత అక్కడ కరెంటు కార్లు చేశారు. 2025 చివర్లో కార్లు చేయడమే ఆపేశారు.

అమెరికాలో ఇంకో ముచ్చట. 2010లో కార్వెట్ అనే స్పోర్ట్స్ కారులో పెద్ద ఇంజను రకాలు కొన్నవాళ్లకి, మీ ఇంజను మీరే బిగించుకోవచ్చు అన్నారు. పక్కన మేస్త్రీ ఉంటాడు, నువ్వు బోల్టులు బిగిస్తావు. దానికి కారు ధర కాక 5,800 డాలర్లు కట్టాలి. మనం ఒకరి చేలో పనిచేస్తే కూలి తీసుకుంటాం. వాళ్లు పని చేసి ఎదురు కూలి కట్టారు! నవ్వుకోవద్దు. తన బండిలో తన చెయ్యి పడాలన్న ఆశ అంత గట్టిది మనిషికి. మా నాయన రూపాయి కట్టకుండా అనుభవించిన దానికి అక్కడ అంత రేటు పలికింది.

ఇప్పుడు మన గడపకి వద్దాం. మా పాత అనంతపురం జిల్లాలోనే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కార్ఖానా ఉంది. ఐదు వందల పైచిలుకు ఎకరాలు. 2017లో ఒప్పందం అయింది, 2019 ఆగస్టులో సెల్టోస్ కారు బయటికి వచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే సత్తా ఉంది. మన శెనక్కాయ చేల మధ్య నుంచి దేశదేశాలకి కార్లు పోతున్నాయి. తెలంగాణలో జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కార్ఖానా ఉంది. మనలో చాలామంది దున్నే బండ్లు అట్లాంటి వరసల మీద పుట్టినవే. మన పిల్లలు కొందరు ఆ వరసల్లో నిలబడి పనిచేస్తున్నారు కూడా. వాళ్లు ఇంటికొచ్చినప్పుడు అడగండి, నీ పని ఏంది, ఒక బండి దగ్గర నీకు ఎన్ని సెకన్లు ఇస్తారు, తప్పు కనిపిస్తే ఆపే తాడు నీకుందా అని. గైడు చెప్పని సంగతులు వాళ్లే చెప్పగలరు.

మన ట్రాక్టరు తయారవుతుంటే పోయి నిలబడి చూసే అవకాశం మనలాంటి వాళ్లకి దొరకడం కష్టం. సరే. కానీ వద్దు అనే మాట మనకి పూర్తిగా పోలేదు. అది ఒక్కచోట మిగిలి ఉంది. షోరూములో, సంతకం పెట్టే ముందు. పూలదండ వేసేదాకానే ఆ మాటకి విలువ, వేశాక లేదు.

మా పక్క ఊళ్లో ఒక రైతుకి జరిగింది చెబుతా. కొత్త ట్రాక్టరు అని తెచ్చుకున్నాడు. ఏడాది తిరక్కుండా టైర్లకి సన్నటి పగుళ్లు. కాగితాలు తీసి చూస్తే, అది తయారై అప్పటికే పదిహేను నెలలు డీలరు దగ్గర ఎండలో నిలబడిన బండి. కొత్తదాని ధరే కట్టాడు. డీలరుని అడిగితే, మీరు చూసుకునే సంతకం పెట్టారు కదా అన్నాడు.

అందుకే ఇవి గుర్తు పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ కోసం డీలరు ఇచ్చే అమ్మకపు పత్రాన్ని ఫారం 21 అంటారు. దాంట్లో బండి తయారైన నెల, సంవత్సరం రాయాలి. డబ్బు కట్టే ముందే అది అడగండి. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాగితం మీదున్నవీ బండి మీద కొట్టినవీ ఒకటేనా, మీ కళ్లతో మీరు సరిపోల్చుకోండి. టైరు మీద నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాత రెండు సంవత్సరం. 2224 అని ఉంటే 2024లో ఇరవై రెండో వారంలో చేసిన టైరు. ఇంజను ఆన్ చేయించి చమురు కారుతుందేమో కింద వంగి చూడండి. బండి ఇచ్చే పిల్లోడు "అంకుల్, టైం అవుతోంది, ముహూర్తం దాటిపోతుంది" అంటాడు. అననీండి. చదువు రాని వాళ్లు ఉంటే ఇంటర్ చదివే పిల్లల్ని వెంట తీసుకుపోండి. నచ్చకపోతే ఇంకో బండి చూపించమనండి. మన పెద్దలు వడ్రంగి దగ్గర మొహమాటపడలేదు, మనం ఏసీ గదిలో కూల్‌డ్రింకు ఇచ్చారని ఎందుకు మొహమాటపడాలి?

ఇంకో మాట మన వైపు కూడా ఉంది. మన పంట తినేవాళ్లు కూడా మన చేను చూడరు. ఏ మందు ఎన్నిసార్లు కొట్టామో వాళ్లకి తెలియదు, ఎన్ని రాత్రులు కరెంటు కోసం మేలుకున్నామో అదీ తెలియదు. ఎవరైనా వచ్చి చూస్తామంటే రానీండి. గట్టు మీద నుంచి ఫొటో తీసుకుని పోయే దారి కాదు, చేలోకి దింపి మొక్క తిప్పి చూపించండి. మందు డబ్బా చూపించండి, లెక్కల పుస్తకం కూడా చూపించండి. ఇది వద్దు అని వాళ్లు అంటే వినండి. అట్లా చూసి, మాట చెప్పి పోయినవాడు మళ్లీ ధర దగ్గర మనతో బేరం ఆడేటప్పుడు కొంచెం ఆలోచిస్తాడని నా నమ్మకం.

మీ ఊళ్లో బండ్లు కట్టిన వడ్రంగి ఇంకా ఉంటే ఒకసారి ఆయన దగ్గర కూర్చోండి. పట్టా బిగువు చప్పుడు ఎట్లా తెలిసేదో అడగండి. పిల్లల్ని కూడా వెంట తీసుకుపోండి.

ఉంటా మరి. మోటారుకి కరెంటు వచ్చే టైం అయింది.